మాట వెనుక కథ: ఫ్రీమేసన్



ఈ శీర్షికకు నెలనెలా వచ్చే ఉత్తరములలో ఎక్కువ భాగము పరిశుద్ధ గ్రంథములోని మాటలను గూర్చినవే. ఏఫోదు అంటే ఏమిటి, హల్లెలూయకు అర్థమేమిటి అని అడుగుతుంటారు. ఈసారి పల్నాడు నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము వేరుగా ఉన్నది. ఆమె అడిగిన మాట బైబిలులో లేదు. అయినా ఆ ఉత్తరము చదివిన తరువాత చాలాసేపు మాకు వేరే పని మీదికి మనసు పోలేదు.

సంగతి ఇది. ఆమె భర్త తాపీ పనివాడు. పెద్దకొడుకు పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో చేరి, తండ్రి పనినే పద్ధతి ప్రకారము నేర్చుకొని సర్టిఫికెట్టు తెచ్చుకొన్నాడు. దాని మీద వృత్తి పేరు 'మేసన్' అని ఉన్నది. ఇంతలో నాయనమ్మ ఎవరి ఫోనులోనో ఒక ప్రసంగము విన్నది. మేసన్లు అనేవారు సాతానును పూజించే రహస్య సంఘము వారనీ, మూలమట్టము, కంపాసు వారి గుర్తులనీ ఆ ప్రసంగీకుడు గట్టిగా చెప్పాడట. మనుమడి సంచిలో చూస్తే మూలమట్టము ఉన్నది! ఆ ముసలి తల్లి రాత్రంతా ఏడ్చి, ప్రార్థన చేసి, తెల్లవారేసరికి ఆ సర్టిఫికెట్టును ఎక్కడో దాచిపెట్టింది. అడిగితే చెప్పదు. పిల్లవాడికేమో హైదరాబాదులో పని సిద్ధముగా ఉన్నది, సర్టిఫికెట్టు చూపితేనే చేర్చుకొంటారు. "మా వాడు ఈ పని మానుకోవాలా అయ్యగారూ? చించివేయమంటే చించివేస్తాము" అని ఆమె వ్రాసింది.

పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే పిల్లవాడి పని పోతుందని ఆమెకు వెంటనే విడిగా జాబు వ్రాశాము. చించవద్దు అన్నది ఆ జాబులోని మొదటి మాట. అందులో పట్టని సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము. ఇటువంటి భయము ఇంకా ఎన్ని ఇండ్లలో ఉన్నదో ఎవరు చూశారు?

ముందుగా మేసన్ అన్న మాట చూద్దాము. ఇది ఇంగ్లీషువారికి ఫ్రెంచి భాష నుండి వచ్చింది. రాతితోనో ఇటుకతోనో కట్టడము కట్టేవాడు అని అర్థము, అంతకు మించి ఏమీ లేదు. మన మేస్త్రి, ఈ మేసన్ ఒకే మాట అని చాలామంది అనుకొంటారు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకొన్నాము. కాదు. మేస్త్రి అన్నది పోర్చుగీసు వారి మాట, యజమాని, నేర్పరి అని దాని అర్థము. మన తీరానికి ఓడలలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాటలలో అది ఒకటి. అందుకే తాపీ పనివాడినీ మేస్త్రి అంటాము, కూలీల గుంపును నడిపేవాడినీ మేస్త్రి అంటాము.

ఇక ఫ్రీ. ఈ మాట వినగానే మనకు ఉచితము అన్న అర్థము తోస్తుంది. సబ్బు కొంటే దువ్వెన ఫ్రీ అన్నట్టు, కూలి తీసుకోకుండా పనిచేసే మేస్త్రి కాబోలు అనుకొంటాము. అటువంటి మేస్త్రి ఏ దేశములోనూ దొరకడు. ఈ ఫ్రీ మొదట మనిషిని గూర్చినది కాదు, రాయిని గూర్చినది.

మన కడప బండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొరలు పొరలుగా లేస్తుంది. పొర వెంబడి కొడితే చక్కగా పలకగా వస్తుంది, అడ్డముగా చెక్కబోతే పెచ్చు ఊడుతుంది. నల్లరాయి సంగతి చెప్పనక్కరలేదు, ఉలి అరగవలసిందే గాని అది లొంగదు. పొరలు లేకుండా, సన్నని పలుకుతో, ఏ వైపు నుండి ఉలి పెట్టినా చెప్పినట్టు వినే రాయి కొన్ని చోట్ల దొరుకుతుంది. అమరావతి శిల్పములు చెక్కిన పల్నాటి సున్నపురాయిని తలచుకొంటే కొంత అర్థమవుతుంది. ఇంగ్లాండులో అటువంటి రాతిని ఫ్రీస్టోన్ అంటారు, అంటే ఏ వైపునకైనా స్వేచ్ఛగా తెగే రాయి. దేవాలయముల కిటికీ కమానులు, స్తంభముల తలలు, దూతల ముఖములు చెక్కేది ఈ రాతిలోనే. అలా చెక్కగల నేర్పరి ఫ్రీస్టోన్ మేసన్. పలికి పలికి అది ఫ్రీమేసన్ అయినది. గరుకు రాళ్ళు పేర్చి గోడ కట్టేవాడికి వేరే పేరు, వేరే కూలి.

ఎంత కూలి? అదీ తెలుసు. 1348, 49లలో ఇంగ్లాండులో పెద్ద తెగులు వచ్చి లెక్కలేనంతమంది చనిపోయారు. పనివారు కరవై కూలి రేట్లు పెరిగాయి. పెరగనివ్వకూడదని 1351లో అక్కడి ప్రభుత్వము ఒక చట్టము చేసింది. ఫ్రీస్టోన్ చెక్కే పెద్ద మేస్త్రికి రోజుకు 4 పెన్నీలు, తక్కిన మేస్త్రులకు 3 పెన్నీలు, అంతకు మించి ఇవ్వరాదు, తీసుకోరాదు అని అందులో వ్రాశారు. అప్పుడు కూడా కూలి పెంచమంటే చట్టము వచ్చింది గాని కూలి రాలేదు! తరువాత 1376లో లండను నగరపు దస్తావేజులలో ఫ్రీమేసన్ అన్న పేరు కనబడుతుంది. నగరములో స్వేచ్ఛగా వృత్తి చేసుకొనే హక్కు గలవాడు కనుక ఫ్రీ అన్నారని మరికొందరు పండితులు చెప్తారు. రాతి సంగతే ముందుగా దస్తావేజులలో ఉన్నది కనుక మా మనసు దానివైపే మొగ్గుతుంది.

రహస్య సంఘములను గూర్చి చెప్పేటప్పుడు లాడ్జి అన్న మాట కూడా వస్తుంది. మనకు లాడ్జి అంటే వేలూరు ఆసుపత్రికి పోయినప్పుడు రాత్రికి గది తీసుకొనే చోటు. ఆ రోజులలో లాడ్జి అంటే కట్టుబడి జరిగే చోట రాతిపనివారు వేసుకొన్న పాక. ఎండకు వానకు రాయి చెక్కేదీ, పనిముట్లు పెట్టుకొనేదీ, అన్నము తినేదీ అక్కడే. యార్కు పట్టణములోని పెద్ద దేవాలయము కట్టేటప్పుడు 1370లో ఆ లాడ్జికి పెట్టిన నియమములు ఇప్పటికీ ఉన్నాయి. వెలుగు రాగానే పనిలో ఉండాలి. వేసవి నెలలలో మధ్యాహ్న భోజనము తరువాత కాసేపు నిద్రపోవచ్చును, అయితే ఆ లాడ్జిలోనే నిద్రపోవాలి. క్రొత్తగా వచ్చినవాడిని వారమో అంతకంటె ఎక్కువో పని చూచి గాని చేర్చుకోరాదు. చేరేవాడు మోసము లేకుండా పనిచేస్తానని గ్రంథము మీద ప్రమాణము చేయాలి. ఇందులో సాతాను ఎక్కడ ఉన్నాడో మాకు కనబడలేదు. మన పంచాయతీ పనులకు కూడా ఇటువంటి నియమములు ఉంటే బాగుండును అనిపించింది.

ఇంతవరకు ఇది రాయి, ఉలి, కూలి కథ. మరి రహస్యము ఎక్కడ నుండి వచ్చింది?

ఒక దేవాలయము కట్టడానికి యాభై ఏండ్లు, నూరేండ్లు పట్టేవి. డబ్బు అయిపోతే పని ఆగేది. పనివారు మరో ఊరికి పోయేవారు. చదువు లేదు, కాగితము లేదు, ఎరిగినవారు లేరు. నేను ఏండ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకొన్నవాడిని అని క్రొత్త ఊరిలో ఎలా నమ్మించాలి? స్కాట్లాండులో 17వ శతాబ్దము నాటికి దీనికి ఒక ఉపాయము వాడుకలో ఉన్నది. పని నేర్చినవానికి ఒక గురుతు మాట చెప్పేవారు. దానిని మేసన్ మాట అనేవారు. అది తెలిసినవాడు తమవాడు, తెలియనివాడు కాడు.

తెలియనివానికి వారు పెట్టిన పేరు కొవన్. సున్నము గాని మట్టి గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి చేలగట్ల మీద గోడలు కట్టేవాడు అని ఆ మాటకు అర్థము. స్కాట్లాండు రాజుగారి కట్టడముల పెద్ద విలియం షా 1598లో వ్రాసిన నియమములలో ఏ మేస్త్రీ కొవన్‌తో కలిసి పనిచేయరాదు అని ఉన్నది. కిల్విన్నింగ్ అనే ఊరి లాడ్జి 1707లో ఇంకా తేటగా చెప్పింది: కొవన్ అంటే మాట తెలియని మేస్త్రి, వానికి పని ఇవ్వరాదు. మాకు ఈ కొవన్ మీదనే జాలి కలిగింది. వాడు కట్టిన గోడలు మూడు వందల ఏండ్ల గాలివానలకు నిలిచి ఉండవచ్చును. గురువు దగ్గర చేరే స్తోమతు లేక చూచి నేర్చుకొన్నాడు, అంతే. మన పల్లెలలో తండ్రి వెనుక తిరిగి తాపీ పట్టినవారు అందరూ ఆ లెక్కన కొవన్లే. ఉత్తరము వ్రాసిన తల్లిగారి భర్త కూడా కొవనే.

కొడుకు కాడు. అందుకే ఆ సర్టిఫికెట్టు. ఎరగని ఊరిలో ఎరగని మనిషికి "వీడు పని నేర్చినవాడు" అని చెప్పేది ఆ కాగితమే. ఆనాటి పనివారు చెవిలో చెప్పుకొన్న మాట ఏ పని చేసేదో, ఈనాడు ప్రభుత్వపు ముద్ర వేసిన కాగితము ఆ పనే చేస్తున్నది. నాయనమ్మ దాచిన కాగితములో రహస్యమేమీ లేదు, రహస్యము అక్కరలేకుండా చేసేది అది.

తరువాత జరిగినది విచిత్రము. రాయి పట్టని పెద్దమనుషులు ఈ లాడ్జిలలో చేరసాగారు. భూస్వాములు, సైనికాధికారులు, పండితులు. ఇలాయస్ ఆష్‌మోల్ అనే ఇంగ్లీషు పండితుడు 1646లో తాను ఫ్రీమేసన్‌గా చేరినట్టు దినచర్యలో వ్రాసుకొన్నాడు. ప్రాచీన విద్య అన్న ఆకర్షణ కొంత, మతకలహములతో యుద్ధములతో విసిగిన కాలములో కలిసి కూర్చొనే చోటు దొరికినదన్న సంతోషము కొంత. చివరకు పెద్దమనుషులు మిగిలారు, పనివారు పోయారు. లండనులోని నాలుగు లాడ్జిలు 1717 జూన్ 24న ఒక సారాయి అంగడిలో కూడుకొని మహాలాడ్జిని స్థాపించాయని వారు చెప్పుకొంటారు. అది 1721లో జరిగిందని ఈ మధ్య కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. మొత్తానికి పనిముట్లు ఉపమానములైనాయి. మూలమట్టము అంటే సరియైన నడత, రసమట్టము అంటే సమానత్వము, కంపాసు అంటే కోరికలకు గీచిన గీత. ఫోనులోని ప్రసంగీకుడు చెప్పిన గుర్తులు ఇవే. అయితే ఎవరి దగ్గర నుండి ఎవరు తీసుకొన్నారు? పనివాని సంచిలో నుండి పెద్దమనుషులు ఎరువు తెచ్చుకొన్నారు. ఎరువు తెచ్చుకొన్నవాని తప్పు సొంతదారుని మీద వేయడము న్యాయమా?

ఈ సంఘమునకు 1723లో నియమముల పుస్తకము వ్రాసినవాడు జేమ్స్ ఆండర్సన్, ఒక ప్రెస్బిటేరియన్ పాదిరి. తమ చరిత్రను ఆయన ఆదాము వరకు తీసుకొనిపోయాడు. చరిత్రలో దానికి ఆధారము లేదు. మనుష్యులందరూ ఒప్పుకొనే మతము చాలును, తక్కిన నమ్మకములు ఎవరివి వారి దగ్గర ఉంచుకోవాలి అన్నాడు. స్త్రీలకు, దాసులకు ప్రవేశము లేదనీ వ్రాశాడు.

వారి ఆచారములలో ముఖ్యమైన కథ ఒకటి మన గ్రంథములోని పేరుతోనే ఉన్నది. సొలొమోను మందిరమును కట్టిన మహాశిల్పి హీరాము రహస్యమైన మాటను చెప్పనందుకు ముగ్గురు పనివారి చేతిలో చంపబడ్డాడని ఆ కథ. రాజులు మొదటి గ్రంథము 7వ అధ్యాయము తీసి చూడండి. అక్కడ హీరాము నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు, ఇత్తడి పనిలో నేర్పరి. స్తంభములు పోత పోశాడు, సముద్రమను పెద్ద తొట్టి చేశాడు, తాను చేయవలసిన పని అంతయు ముగించాడు. చంపబడ్డాడని ఎక్కడా లేదు. రహస్యమైన మాట ఊసే లేదు. కథగా చెప్పుకొంటే చెప్పుకోనివ్వండి, బైబిలులో ఉన్నదని ఎవరైనా మీతో అంటే మాత్రము అధ్యాయము తీసి చూపండి.

మన దేశమునకు ఈ సంఘము తెల్లవారితోనే వచ్చింది. మొదటి లాడ్జి 1730లో కలకత్తాలో పెట్టారు. హైదరాబాదులో గోషామహల్ బారాదరి 19వ శతాబ్దము నుండి వారి చేతిలో ఉన్నది. తలుపులు మూసుకొని లోపల ఏమి చేస్తారో తెలియక ఉత్తరాదిన ఆ భవనములను జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు అని పిలిచేవారు. నాయనమ్మగారి భయము క్రొత్తది కాదన్నమాట. 1961లో భారత మహాలాడ్జి వేరుగా ఏర్పడింది. ఇక్కడి లాడ్జిలలో బైబిలు, గీత, ఖురాను పక్కపక్కనే ఉంచుతారు. చేరేవాడు తన గ్రంథము మీద ప్రమాణము చేస్తాడు.

ఇక విశ్వాసి అందులో చేరవచ్చునా అని అడిగేవారు ఉంటారు. సంఘములు ఒకే మాట చెప్పలేదు. రోమను పోపు 1738లోనే కూడదన్నాడు. 2023లో కూడా రోము అదే మాట తిరిగి చెప్పింది. బ్రిటనులోని మెథడిస్టు సంఘము 1985లో తన సభ్యులకు చేరవద్దని సలహా ఇచ్చింది. 1987లో ఇంగ్లాండు సంఘము, క్రైస్తవ విశ్వాసముతో ఇది పొసగుతుందా అని గట్టి సందేహములు లేవనెత్తింది. అమెరికాలోని దక్షిణ బాప్టిస్టులు 1993లో ఎవరి మనస్సాక్షికి వారినే విడిచిపెట్టారు. మమ్మల్ని అడిగితే, ప్రభువు పేరు ఎత్తకుండా ప్రార్థించే చోట, భార్యకు కూడా చెప్పరాని ప్రమాణము చేసే చోట మనకు పని లేదు అంటాము. అయితే వారు సాతానును పూజిస్తారన్నది వేరే మాట. అది అబద్ధము. అబద్ధసాక్ష్యము కూడదన్న ఆజ్ఞ మనకు నచ్చనివారి విషయములో కూడా వర్తిస్తుంది. స్పెయినులో 1940లో ఫ్రీమేసన్లను అణచడానికి ప్రత్యేకముగా చట్టమే చేసి మనుషులను చెరసాలలో వేశారు. హిట్లరు కూడా వారి లాడ్జిలను మూయించాడు. పుకారుకు అధికారము తోడైతే ఎంత దూరము పోతుందో చూడండి. మన పల్లెలో ఒక పిల్లవాని అన్నము దాకా వచ్చింది.

ఆ తల్లికి వ్రాసిన జాబులో ఇదంతా వ్రాయలేదు. ఒక్క వచనము మాత్రము చూపించాము, సమూయేలు రెండవ గ్రంథము 5వ అధ్యాయము 11వ వచనము. దావీదుకు ఇల్లు కట్టడానికి తూరు రాజైన హీరాము వడ్రంగులను, కాసెపనివారిని పంపిన సంగతి అక్కడ ఉన్నది. ఈ హీరాము రాజు, ఇత్తడి పని చేసిన హీరాము వేరు. ఇంగ్లీషు బైబిలులో మేసన్లు అని ఉన్నచోట మన తెలుగు బైబిలులో కాసెపనివారు అని ఉన్నది. "ఈ వచనము మీ అత్తగారికి చదివి వినిపించండి, మీ వాడు నేర్చినది ఆ పనే అని చెప్పండి" అని వ్రాశాము.

పది రోజులకు జవాబు వచ్చింది. నాయనమ్మ వచనమును రెండుసార్లు చదివించుకొన్నదట. లేచి లోపలికి పోయి బియ్యపు డబ్బాలో అడుగున చెయ్యి పెట్టి కాగితము తీసి, చీర చెంగుతో దులిపి మనుమడికి ఇచ్చిందట. ఒక మూల కొంచెము మడత పడింది గాని ముద్ర చెడలేదు. పిల్లవాడు శనివారము బస్సుకు హైదరాబాదు పోయాడు. నాయనమ్మకు మాత్రము మా మీద, ప్రభుత్వము మీద కూడా ఇంకా కొంచెము కోపము ఉన్నదట. "మా నాయన కాసెపనివాడే. ఆ మాటే తెలుగులో వ్రాసి ఉంటే నేనెందుకు దాస్తాను?" అంటున్నదట.